పోయిన ఆవును వెదికినవారు

సంస్కృతంలో 'గవేషణ' అని ఒక చక్కని మాట ఉంది. గో శబ్దానికి ఏషణ చేరి ఏర్పడిన పదం. మంద నుండి తప్పిపోయిన ఆవును వెదకడమని దాని తొలి అర్థం. తరువాత ఏ అన్వేషణకైనా ఆ మాటే చెల్లిపోయింది. మనం తెలుగులో వాడే 'పరిశోధన' మరొక ధాతువు నుండి వచ్చింది. శుధ్ అంటే శుభ్రపరచడం. నాలుగు తాళపత్ర ప్రతులు ముందు పెట్టుకొని, వ్రాయసగాళ్ళ ప్రమాదాలను ఏరి పారవేసి, పాఠాన్ని కడిగి నిగ్గు తేల్చడం మా పండితవర్గం ఎరిగిన పరిశోధన. ఉన్నదానిని శుభ్రం చేయడం ఒక పని. కనబడనిదాని అడుగుజాడలు పట్టుకొని పోయి, దానిని ఇంటికి తోలుకొని రావడం వేరొక పని. ఎం.ఏ., ఎం.ఎస్సీ.ల తరువాత విశ్వవిద్యాలయాలలో జరిగే పనికి మనం మొదటి పేరు పెట్టుకున్నాం. దాని స్వభావం మాత్రం రెండవదే.

తెలుగు అయ్యవారికి రూపాయి మారకంతోనూ, ఆనకట్ట రాళ్ళతోనూ, కండరాలలోని భాస్వరంతోనూ పనేమిటని బ్లాగ్మిత్రులు అడగవచ్చు. నాకు ఆ శాస్త్రాలలో ప్రవేశం లేదు. కాని వాటి చరిత్రను చదువుతున్నకొద్దీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఈ దేశంలో 'ఇది ఎందుకు ఇలా ఉంది?' అని అడిగి, దాని జవాబు కోసం నాలుగైదేళ్ళు కూర్చునే హక్కు మనవారికి ఎప్పుడు దక్కింది? ఎవరి సొమ్ముతో దక్కింది?

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. వాటికి ఆదర్శం ఆనాటి లండన్ విశ్వవిద్యాలయం, అంటే పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కార్యాలయం. బోధించేవి కళాశాలలు, విశ్వవిద్యాలయం ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు వేసేది. జర్మనీలో అప్పటికే కథ వేరు. 1810లో హంబోల్ట్ చొరవతో బెర్లిన్‌లో నెలకొన్న విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు తాను వెదకుతూ, శిష్యుని చేత వెదకిస్తూ చదువు చెప్పేవాడు. ఆ పద్ధతి అమెరికా చేరి, 1861లో యేల్ తొలి పిహెచ్.డి. పట్టాలు ఇచ్చింది. ఇంగ్లండు మాత్రం చాలాకాలం బెట్టు చేసింది. ఆక్స్‌ఫర్డ్ ఇటువంటి పట్టాను నెలకొల్పింది 1917లో. ఏలినవారికే లేని వస్తువు ఏలబడే మనకు ఎక్కడినుండి వస్తుంది?

ఇక్కడ జంషెడ్జీ టాటాను తలచుకోవాలి. 1898లో ఆయన నాటి విలువలో 30 లక్షల రూపాయల ఆస్తిని ఒక పరిశోధనాలయం కోసం ఇస్తానన్నాడు. ఆ ఏడు నవంబరు 23న వివేకానందస్వామికి ఉత్తరం వ్రాశాడు. 1893లో ఇద్దరూ జపాను నుండి ఒకే ఓడలో ప్రయాణించినప్పటి మాటలను గుర్తుచేసి, ఈ పనికి స్వామి తోడ్పాటు కోరాడు. డిసెంబరు 31న, ఓడ దిగి ఒక్కరోజైనా నిండిందో లేదో, కొత్త వైస్రాయ్ కర్జన్ ముందుకు ముసాయిదా వెళ్ళింది. కర్జన్ రెండు సందేహాలు వెలిబుచ్చాడు. అంతటి పైచదువుకు తగిన విద్యార్థులు ఈ దేశంలో దొరుకుతారా? దొరికినా, చదువు ముగిశాక వారికి ఉద్యోగాలెవరిస్తారు?

రెండవ ప్రశ్న మన వీధి అరుగుల మీద నేటికీ వినబడుతూనే ఉంది. పిహెచ్.డి. చేస్తున్న పిల్లవాణ్ణి చూసి 'ఇంకా చదువేనా? ఉద్యోగమెప్పుడు?' అనే మేనమామలందరూ తెలియకుండానే కర్జన్ ప్రభువు వారసులు. అయితే 1904లో విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చి, అవి స్వయంగా ఆచార్యులను నియమించుకోవడానికీ ప్రయోగశాలలు పెట్టుకోవడానికీ దారి తెరిచినవాడూ ఆ కర్జనే. అదుపు పెంచుకోవాలని తెచ్చిన చట్టంలోని ఆ సందును కలకత్తాలో ఆశుతోష్ ముఖర్జీ పట్టుకున్నాడు. తారకనాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే న్యాయవాదుల దానాలతో 1914లో విజ్ఞాన కళాశాలకు పునాది వేశాడు. 1917లో ఆర్థికశాఖ ఉద్యోగం విడిచి అక్కడ పాలిత్ ఆచార్య పదవిలో చేరినవాడే సి.వి. రామన్.

టాటా 1904లో కన్నుమూశాడు. తన సంస్థను చూడలేదు. మైసూరు ప్రభుత్వం బెంగుళూరులో 371 ఎకరాలు ఇచ్చింది. 1909లో సంస్థ అధికారికంగా ఏర్పడి, 1911లో విద్యార్థులు చేరారు. వారు ముందుగా పట్టుకున్నవి రసాయనశాస్త్రం, విద్యుత్ సాంకేతికం. అప్పుడు కర్జన్ సందేహానికి జవాబు గంధపుచెక్క రూపంలో వచ్చింది. అంతకుముందు మైసూరు గంధపుచెక్క ఓడలెక్కి ప్రధానంగా జర్మనీ పోయేది. అక్కడ నూనె తీసేవారు. 1914లో యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయింది. చెక్క గోదాములలో పడి ఉంది. బెంగుళూరు సంస్థలోని సడ్‌బరో, వాట్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు ఇక్కడే నూనె బట్టీపట్టే విధానాన్ని సిద్ధం చేశారు. విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న రోజులవి. 1916లో మైసూరు ప్రభుత్వం గంధపునూనె కర్మాగారం పెట్టింది. రెండేళ్ళలో సబ్బుల పరిశ్రమ వచ్చింది. చెక్క అమ్ముకునే రాజ్యం నూనె అమ్ముకునే రాజ్యమయింది.

ఆ సంస్థ తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. 1933లో బొంబాయి నుండి కమలా భాగవత్ అనే అమ్మాయి బి.ఎస్సీ.లో ప్రథమస్థానం తెచ్చుకొని దరఖాస్తు పెట్టింది. ఆమె తండ్రీ, పినతండ్రీ అక్కడ రసాయనశాస్త్రం చదివినవారే. డైరెక్టరుగా ఉన్న రామన్ ఆడపిల్లకు చోటు లేదన్నారు. ఆమె స్వయంగా వెళ్ళి కారణం అడిగింది. చివరికి షరతులతో చేర్చుకున్నారు: మొదటి ఏడు పరీక్షాకాలం, తోటివారి ఏకాగ్రతకు భంగం కలిగించరాదు! పాలలో, పప్పులలో ఉండే మాంసకృత్తుల మీద ఆమె పనిచేసింది. అక్కడినుండి కేంబ్రిడ్జి వెళ్ళి, మొక్కల కణాలలో శ్వాసక్రియకు తోడ్పడే ఒక పదార్థాన్ని గురించి సిద్ధాంతవ్యాసం వ్రాసి 1939లో డాక్టరేటు పొందింది. ఆ వ్యాసం నలభై పుటలేనని చెబుతారు. మన తెలుగు శాఖలలో ఎనిమిదివందల పుటల బరువైన వ్యాసాలను మోసి చూసినవాణ్ణి కనుక ఈ సంగతి మీద నాకు కొంత మక్కువ. ఆమె తరువాత కమలా సొహోనీగా ప్రసిద్ధురాలయింది. రామన్ వంటి మహామనీషి కూడా తన కాలపు గోడను దాటలేకపోయారని ఒప్పుకోవడం వలన ఆయన కాంతి తగ్గదు. ఆమె పని చూశాక ఆయనే స్త్రీలకు ప్రవేశం కల్పించారు.

ఇక ఆర్థికశాస్త్రం. అంబేద్కర్ గారిని మనం రాజ్యాంగ నిర్మాతగా, సంఘ సంస్కర్తగా ఎరుగుదుము. ఆయన తొలి పాండిత్యం డబ్బును గురించినదని తెలిసినవారు తక్కువ. బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన విద్యార్థివేతనంతో 1913లో కొలంబియా చేరారు. 1916లో లండన్ ఆర్థికశాస్త్ర విద్యాలయానికి మారారు. మరుసటి ఏడు వేతనం గడువు తీరిపోయి చదువు నడిమధ్యలో తిరిగి రావలసి వచ్చింది. విడిగా పంపిన సామాను, పుస్తకాలతో సహా, ఓడ మీద టార్పెడో పడి సముద్రం పాలయింది. బొంబాయి సిడెన్‌హాం కళాశాలలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్నది కొంత, కొల్హాపురం శాహూ మహారాజు సహాయం కొంత, ఒక మిత్రుని అప్పు కొంత కలిపి 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. ఈ దేశంలో ఒక దళిత విద్యార్థి పరిశోధన చేయడానికి ఇద్దరు సంస్థానాధీశుల దయ, ఒక స్నేహితుని జేబు కావలసివచ్చాయి.

ఆయన ఎన్నుకున్న ప్రశ్న చూడండి. రూపాయి వెండి నాణెం. 1870ల నుండి ఐరోపా దేశాలు బంగారానికి మారడంతో వెండి ధర పడిపోయింది. దానితో రూపాయి కూడా. సుమారు రెండు షిల్లింగులుండే రూపాయి, 1890ల తొలినాళ్ళకు షిల్లింగున్నర కన్నా దిగజారింది. భారత ప్రభుత్వం ఏటా లండన్‌కు పంపే సొమ్ము పౌండ్లలో పంపాలి కనుక ఖజానాకు కంగారు పుట్టింది. 1893లో ప్రజలు వెండి తెచ్చి నాణేలు కొట్టించుకునే వీలును మూసివేశారు. తరువాత రూపాయిని షిల్లింగు నాలుగు పెన్నీల దగ్గర నిలబెట్టి, బంగారం నేరుగా చెలామణిలో లేకుండానే బంగారంతో ముడిపెట్టే ఒక ఏర్పాటు నడిపారు. కీన్స్ మహాశయుడు 1913లో దానిని మెచ్చుకుంటూ పుస్తకం వ్రాశాడు.

ముప్పై ఏళ్ళు దాటిన అంబేద్కర్ ఆ ఏర్పాటును తప్పుపట్టారు. ఆయన వాదంలో నాకు అర్థమైన సారం ఇది: రూపాయి విదేశంలో ఎన్ని పెన్నీలకు మారుతుందన్నది ఒక్కటే చూస్తే చాలదు, మన అంగడిలో అది ఎన్ని గింజలు కొంటుందన్నది చూడాలి. ఎన్ని రూపాయలైనా అచ్చువేసుకునే స్వేచ్ఛ సర్కారు చేతిలో ఉంటే ధరలు పెరిగి, కూలి తెచ్చుకునేవాడు నలిగిపోతాడు. కనుక నాణెం ముద్రణకు గట్టి హద్దు ఉండాలి. తొలిసారి సమర్పించిన వ్యాసాన్ని పరీక్షకులు మార్చి తెమ్మన్నారనీ, బ్రిటిష్ పాలన మీద విమర్శ ఘాటుగా ఉండడమే అందుకు కారణమనీ జీవిత చరిత్రకారులు వ్రాశారు. 1923లో డి.ఎస్సీ. వచ్చింది, వ్యాసం ఆ ఏడే లండన్‌లో పుస్తకమయింది. దానికి ముందుమాట వ్రాసిన ఆచార్య ఎడ్విన్ కానన్ శిష్యుని నిర్ణయాలన్నిటితో ఏకీభవించలేదు. ఏకీభవించకుండానే ముందుమాట వ్రాయడం గురుత్వానికి అందమైన లక్షణమని నాకు తోస్తుంది.

1925లో రూపాయి విషయమై వచ్చిన హిల్టన్ యంగ్ సంఘం ముందు అంబేద్కర్ సాక్ష్యమిచ్చారు. రిజర్వు బ్యాంకు ఆ పుస్తకంలోంచే పుట్టిందని ఈమధ్య అంతటా చదువుతున్నాం. అది భక్తి చేసిన అతిశయోక్తి. కేంద్ర బ్యాంకు సూచన 1926 నాటి ఆ సంఘం నివేదికలో ఉంది. చట్టం 1934లో వచ్చింది. బ్యాంకు 1935 ఏప్రిల్ 1న తెరిచారు. అనేకుల వాదాలలో అంబేద్కర్ వాదం ఒకటి. ఆయన గొప్పతనానికి ఈ అరువు నగ అక్కరలేదు. ఆ పుస్తకం మలికూర్పు 1947లో మొదటి సంపుటంగా వెలువడింది. వాగ్దానం చేసిన రెండవ సంపుటం రానేలేదు. అప్పటికి ఆయన చేతిలో మరొక గ్రంథరచన ఉంది మరి.

మన ప్రాంతానికి వద్దాం. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరు చేరింది. ఏటా లక్ష రూపాయలిచ్చి అక్కడి విజ్ఞాన కళాశాలను నిలబెట్టినవారు జయపురం మహారాజు విక్రమదేవవర్మ. మా తెలుగువాళ్ళం ఆయనను సాహితీపోషకుడిగా తలచుకుంటాం. ఆ చేతితోనే ఆయన రసాయనశాలకూ ధారపోశారు. 1933లో అక్కడికి వచ్చిన తిరువేంగడం రాజేంద్రం శేషాద్రి గారు మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద డాక్టరేటు చేసినవారు. ఖరీదైన సరుకు కోసం విదేశాల వైపు చూడకుండా, చుట్టూ ఉన్న చెట్లనూ పూలనూ పట్టుకున్నారు. పత్తిపూవుకు పసుపురంగు ఎందుకు వస్తుంది? ఆ రంగుపదార్థాల కట్టడమేమిటి? ఇదీ ప్రశ్న. పత్తిచేల మధ్య పుట్టి పెరిగిన మనకు ఆ పూవును చూసి ఎప్పుడైనా ఆ ప్రశ్న తట్టిందా? రెండవ ప్రపంచయుద్ధంలో వాల్తేరు భవనాలు సైన్యం పరమై విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలితే, అక్కడి అరకొర వసతులలోనూ శిష్యులతో ఆ పని సాగించారు. 1949లో ఢిల్లీ వెళ్ళేనాటికి ఒక పరంపర ఏర్పడింది.

ఇంజనీరింగులో కానూరి లక్ష్మణరావు గారి పేరు ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. 1902లో కంకిపాడులో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా అందుకున్న తొలి విద్యార్థిగా పేరుపొంది, 1939లో బర్మింగ్‌హాంలో పిహెచ్.డి. చేశారు. నాగార్జునసాగరం వెనుక ఉన్న ప్రధాన ఇంజనీర్లలో ఆయన ఒకరు. కాంక్రీటు శాస్త్రం మీద పుస్తకం వ్రాసినవాడు, ఇక్కడ సిమెంటు తక్కువ, రాయి ఎక్కువ, పని అడిగే చేతులు మరీ ఎక్కువ అని గుర్తించి రాతికట్టడం పక్షాన నిలవడంలోనే ఆ చదువు పండింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967 ఆగస్టులో కాలువలకు నీరు. ఆ అంకెలు ఆంధ్రదేశంలో ఎవరికి తెలియవు?

హైదరాబాదు కథ కూడా సంగ్రహంగానే. నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన పారిశ్రామిక పరిశోధనశాల 1956లో కేంద్ర పరిధిలోకి వచ్చింది. నూనెగింజలు, బొగ్గు, మందులు దాని విషయాలు. 1970 పేటెంటు చట్టం మందు మీద కాక, మందు తయారుచేసే పద్ధతి మీదనే హక్కు ఇచ్చింది. అంటే మరొక దారిలో అదే మందును చేయగలిగితే అది న్యాయమే. ఆ 'మరొక దారి' వెదకడమే మన రసాయన పరిశోధకులకు పదార్థమయింది. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు గారు ఆ సంస్థ డైరెక్టరుగా ఉండగా ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌కు చౌకైన తయారీపద్ధతి కనుగొన్నారు. 1990ల తొలినాళ్ళలో సిప్లా దానిని అమ్మకానికి తెచ్చింది. తాడేపల్లి పసుపు రైతు బిడ్డ అంజిరెడ్డి పుణే జాతీయ రసాయనశాలలో 1969లో పిహెచ్.డి. చేసి, 1984లో కంపెనీ పెట్టారు. 2005లో చట్టం మారి ఆ దారి ఇరుకయింది. అది వేరే కథ.

నాకు అందరిలోకి దగ్గరివాడైన మనిషిని చివరికి ఉంచుకున్నాను. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుణ్ణవుతానని ఇల్లు విడిచి పారిపోయిన పిల్లవాడు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు తొడిగి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్దిరోజుల వ్యవధిలో పోయారు. తనకూ అదే వస్తే, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందు బ్రతికించింది. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాలతో 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో సేవకుని పని, పగళ్ళు హార్వర్డు.

అక్కడ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేసిన తొలి పని చూడడానికి చిన్నది: రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి. ఆమ్లంలో మాలిబ్డేటు కలిపి, మరొక పదార్థంతో చర్య జరిపితే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కన అయితే భాస్వరం అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటా నిత్యకృత్యమయింది. అసలు విశేషం తరువాత జరిగింది. కండరం నుండి తీసిన ద్రవంలో ఆ నీలం వెంటనే రాక, మెల్లమెల్లగా ముదురుతున్నది. మరొకరైతే రసాయనం పాడయిందని పారబోసి మళ్ళీ కలిపేవారు. వీరు ఆ ఆలస్యాన్నే పట్టుకొని వెదికారు. కండరంలో భాస్వరం మరొక పదార్థంతో ముడిపడి ఉండి, ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతున్నదని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, సంవత్సరం 1927. రెండేళ్ళకు, జర్మనీలో లోమన్ కనుగొన్న కాలంలోనే, ప్రాణికోటి శక్తికి చెలామణి నాణెం వంటి ఎ.టి.పి.ని కూడా వీరు వేరుచేశారు. అప్పటివరకు కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మేవారు. ఆ సిద్ధాంతానికి 1922 నోబెల్ బహుమతి కూడా దక్కి ఉంది.

1930లో పిహెచ్.డి. వచ్చింది, హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రం రాలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు అచ్చుకాకుండా ఉండిపోయి, ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని అదే ప్రయోగశాలలో పనిచేసిన జార్జి హిచింగ్స్ తరువాత చెప్పాడు. ఆ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తోబుట్టువులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు అది ఔషధమయింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే పదార్థాలను కూడా అక్కడే చేస్తే, వాటిలో ఒకదానితో 1948లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తక్యాన్సరు పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట చూపించాడు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆసుపత్రులలో వాడుకలో ఉంది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు నిద్రలో వెళ్ళిపోయాడు. ఇక్కడ భార్య శేషగిరి గారు మిగిలారు. ఇరవయ్యారేళ్ళలో ఆయన ఒక్కసారీ తిరిగి రాలేదు. ఆ లెక్క ఏ సిద్ధాంతవ్యాసంలోనూ ఉండదు.

ఆయన బృందం 1947లో బయటపెట్టిన మరో మందు డైఇథైల్‌కార్బమజైన్, మన ఆసుపత్రి భాషలో డి.ఇ.సి. బోదకాలు కలిగించే క్రిముల మీద అది పనిచేస్తుంది. గోదావరి ప్రాంతంలో బోదకాలు ఎంత మామూలు దృశ్యమో పాతతరం వారికి చెప్పనక్కరలేదు. 2004 నుండి ప్రభుత్వం ఆ వ్యాధి ఉన్న జిల్లాలలో ఊరంతటికీ ఆ మాత్రలు మింగించే కార్యక్రమం పెద్దయెత్తున నడిపింది. భీమవరం కుర్రవాడు బోస్టన్ మీదుగా పోయి వెదికి పట్టుకున్నది, ఆశా కార్యకర్తల చేతిసంచులలో గోదావరి పల్లెలకు వచ్చి చేరింది.